తీగ ఒక్కటే, మరి వాటాలు రాసిందెవరు?



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మేము ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, హాస్టల్ పిల్లలం. మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం. కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్టులో చదివింది మా హాస్టల్ గోడ మీదున్న వైఫై పెట్టెలో కనిపించింది. అది మన ఏజెన్సీ మొత్తానికి సంబంధించిన విషయం అనిపించి రాస్తున్నాం.

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి. అమ్మాయిల హాస్టల్‌లో మా జూనియర్ చెల్లి ఒకామెకి 8 గంటలకి ఇంటర్న్‌షిప్ కోసం ఆన్‌లైన్ పరీక్ష. గంటసేపు కెమెరా ఆన్‌లోనే ఉండాలి. 8:20కి నెట్ తెగింది. మళ్లీ వచ్చేసరికి పరీక్ష దానంతటదే సబ్మిట్ అయిపోయింది. అరవై ప్రశ్నల్లో పదిహేడు చేసింది. ఇంకో అవకాశం ఇవ్వరంట. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చు కదా అనకండి. మా హాస్టళ్లు రెండు గుట్టల మధ్య పల్లంలో ఉన్నాయి, సిగ్నల్ మేడ మీదే అందుతుంది. అమ్మాయిల హాస్టల్ మేడకి ఏడింటికే తాళం. మర్నాడు వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. ఊళ్లో అందరికీ చెప్పేసుకున్నాడంట, మా పాపకి కంపెనీ పరీక్ష అని. "బాగానే రాశాను నాన్నా" అంది.

ఆ రోజు మేమందరం అన్నమాట ఒకటే. ఏజెన్సీ కదా, నెట్ ఉండదు. చిన్నప్పట్నుంచి అలవాటైన మాట ఇది. రోడ్డు లేదు, బస్సు లేదు, డాక్టరు లేడు, నెట్ లేదు. వాన పడలేదన్నట్టు చెప్పుకుని ఊరుకుంటాం, ఎవర్నీ అడగం.

తర్వాతి వారం ల్యాబ్‌లో పనిచేసే అన్న ఒక గ్రాఫ్ చూపించాడు. కాలేజీకి వచ్చే ఫైబర్ లైను 100 ఎంబీపీఎస్. ఆ రాత్రి 8:20కి మొత్తం లైను మీద వాడకం 21. అంటే 79 ఖాళీగా ఉంది. చెల్లి పరీక్షకి కావాల్సింది గట్టిగా ఒక్క ఎంబీపీఎస్.

మరి తెగిందెందుకు? ఇక్కడే అసలు విషయం ఉంది.

కాలేజీకి వచ్చే తీగ ఒక్కటే అయినా లోపల నాలుగు నెట్‌వర్కులు నడుస్తున్నాయి. ఆఫీసుకి ఒకటి, ల్యాబులకి ఒకటి, స్టాఫ్ క్వార్టర్స్‌కి ఒకటి, హాస్టళ్లకి ఒకటి. వీటికి వేరే తీగలు లేవు, వేరే స్విచ్‌లు లేవు. అదే తీగ, అదే స్విచ్, అదే ఫైర్‌వాల్ పెట్టె. ప్రతి డేటా ముక్క మీద ఒక నంబరు చీటీ అంటిస్తారు. ఆ నంబర్ని బట్టి ఇది ఆఫీసుది, ఇది హాస్టల్‌ది అని స్విచ్ విడదీస్తుంది. దీన్నే వీల్యాన్ అంటారు, పుస్తకంలో 802.1క్యూ అనే పేరుతో ఉంటుంది. ఆ చీటీలో నంబరుకి 12 బిట్లు. అంటే 4096 అంకెలు. మొదటిదీ చివరిదీ పక్కన పెడితే 4094 నెట్‌వర్కులు ఒకే తీగ మీద వేరువేరుగా నడవొచ్చు. లేని గోడలు ఉన్నట్టే పనిచేస్తాయి. ఆఫీసు మార్కుల ఫైళ్లు హాస్టల్ ల్యాప్‌టాప్‌కి కనపడవు. ఇది మంచిదే, ఉండాల్సిందే.

కానీ మా క్లాసులో చాలామందికి పరీక్ష అయ్యాక కూడా ఒక పొరపాటు అభిప్రాయం మిగిలిపోయింది. వీల్యాన్ విడదీస్తుంది అంతే, వాటా పంచదు. ఎవరికి ఎంత అనేది ఇంకోచోట, మనిషి కూర్చుని అంకెలు కొట్టి పెడతాడు. మా కాలేజీలో కొట్టిన అంకెలివి: ఆఫీసుకి 30, ల్యాబులకి 40, స్టాఫ్‌కి 20, రెండు హాస్టళ్లకీ కలిపి 10. హాస్టళ్లలో మేము 180 మందిమి. భాగించి చూడండి. అందరూ ఒకేసారి వాడితే మనిషికి సుమారు 55 కేబీపీఎస్. టెలిఫోన్ తీగ మీద కుయ్‌కుయ్‌మనే పాత డయలప్ మోడెమ్ 56 ఇచ్చేదని మా సార్ చెప్పారు. మేము దానికంటే ఒకటి తక్కువ!

పైగా ఆ అంకెలు గట్టివి. పక్కవాటా ఖాళీగా ఉన్నా మన 10 దాటనివ్వదు. లోపల జరిగేదేంటంటే, ప్రతి నెట్‌వర్కుకీ ఒక బకెట్టు ఉంటుంది. అందులో నిర్ణయించిన వేగంతో టోకెన్లు పడుతుంటాయి. డేటా ముక్క బయటికి పోవాలంటే టోకెన్ ఇవ్వాలి. టోకెన్లు అయిపోతే క్యూలో ఆగాలి, లేదంటే పారేస్తారు. చెల్లి కెమెరా వీడియో ముక్కలు ఆ రాత్రి అలా పోయినవే. ల్యాబ్ బకెట్టులో టోకెన్లు నిండి పొర్లిపోతున్నాయి. ల్యాబ్‌కి సాయంత్రం 5కి తాళం పడితే మళ్లీ తీసేది పొద్దున 9కి. ఆ 16 గంటలూ 40 ఎంబీపీఎస్ ఎవరికీ కాకుండా పోతుంది. లెక్క కట్టాం. ఒక్క రాత్రికి 288 జీబీ మోయగలిగిన దారి అది. ఆదివారం అయితే రోజంతా.

గ్రావిటీ నీళ్ల పథకం ఉన్న ఊళ్లవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. కొండ మీద ఊట దగ్గర ట్యాంకు కట్టి, పైపులతో కిందికి తెచ్చి గూడేలకి కుళాయిలు పెడతారు కదా. ట్యాంకు ఒకటే, గూడేలు నాలుగు. ఒక గూడెం వాళ్లందరూ సంతకి పోయిన రోజు వాళ్ల కుళాయి నీళ్లు గెడ్డలోకి పోతుంటే, కింది గూడెం ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి ఉంటే ఊరిపెద్దలు ఊరుకుంటారా? వాల్వు తిప్పుతారు. మా కాలేజీలో వాల్వు ఉంది. తిప్పడానికి మనిషి లేడు, అంతే.

సరే, న్యాయంగా పంచడం అంటే ఏంటి? సమానంగా పంచడమే అని మేమూ అనుకున్నాం. పాఠంలో మాక్స్-మిన్ అని ఒక పద్ధతి ఉంది. పేరు చూసి భయపడకండి, బిందెలతో చెప్తాం. ట్యాంకులో 12 బిందెల నీళ్లున్నాయి. నాలుగు ఇళ్లు. ఒంటరి ముసలమ్మకి 1 చాలు. ఇంకో ఇంటికి 2. మూడో ఇంటికి 6, నాలుగో ఇంటికి 8 కావాలి. సమానంగా తలా 3 పోస్తే ముసలమ్మ దగ్గర 2, రెండో ఇంట్లో 1 వృథా. మాక్స్-మిన్ ప్రకారం ముందు ముసలమ్మకి ఆమె అడిగిన 1, రెండో ఇంటికి 2 ఇచ్చేస్తారు. మిగిలిన 9 పెద్ద ఇళ్లు రెండూ చెరి నాలుగున్నర పంచుకుంటాయి. చుక్క వృథా కాలేదు. తక్కువ అడిగినవాళ్లకి కోత పడలేదు, ఎక్కువ అడిగినవాళ్లు అరిచినందుకు ఎక్కువ రాలేదు. మా చెల్లి ఆ రాత్రి ముసలమ్మ స్థానంలో ఉంది. ఆమె అడిగింది ఒక్క బిందె.

ఇప్పుడు ఒక ప్రశ్న. మా గదిలోనే ఒక మిత్రుడు లేపాడు, మాకు రెండ్రోజులు నిద్ర పట్టనివ్వలేదు. "బ్యాక్‌లాగ్ పోస్టులు నిండకపోతే వేరేవాళ్లకి ఇవ్వొద్దని, అలాగే ఉంచమని మనమే ధర్నాలు చేస్తాం. మరి ల్యాబ్ వాటా ఖాళీగా ఉంటే మనకిమ్మని అడగడం ఏం న్యాయం? రేపు ఇదే మాట మన పోస్టుల మీదకి రాదా?"

మామూలు ప్రశ్న కాదిది. మన గ్రూపులో కూడా ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే మేమే చెప్తున్నాం. పోస్టు ఈ ఏడాది నిండకపోతే వచ్చే ఏడాదికి ఉంటుంది. ఉంచితేనే మనవాడు చదువుకుని వచ్చి అందులో కూర్చుంటాడు. ఒకసారి వేరేవాళ్లకి ఇచ్చేస్తే ముప్పై ఏళ్లు తిరిగి రాదు. నెట్ అలాంటిది కాదు. ఈ సెకనులో వాడని 40 ఎంబీపీఎస్‌ని మూటకట్టి రేపటికి దాచలేం. అప్పు ఇచ్చినా ఇవ్వకపోయినా అది పోతుంది. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం కూడా కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. ల్యాబ్ తెరిచి పిల్లలు కూర్చోగానే వాళ్ల 40 వాళ్లకి వచ్చేస్తుంది. కాబట్టి మేము ల్యాబ్ హక్కు అడగడం లేదు, ల్యాబ్ వాడనప్పుడు అప్పు అడుగుతున్నాం. దాచితే నిలిచేదాన్ని దాచాలి. దాచినా నిలవనిదాన్ని పక్కవాడికి ఇవ్వాలి. ఈ రెండూ కలిపి మాట్లాడేవాళ్లతో జాగ్రత్తగా ఉండండి.

ఆ మాటకొస్తే గట్టి వాటా విలువ మనకంటే ఎవరికి తెలుసు? హామీ లేకుండా "అందరూ కలిసి వాడుకోండి" అని వదిలేస్తే ఏమవుతుందో కూడా చూశాం. మొదటి సంవత్సరంలో కొన్నాళ్లు హద్దులన్నీ తీసేశారు. ఎవరి దగ్గర పెద్ద ల్యాప్‌టాప్, పెద్ద డౌన్‌లోడ్ ఉంటే లైను వాళ్లదే. ఆఫీసులో ఫీజు రసీదు రావడానికి అరగంట పట్టింది. అందుకే కోపంతో ఈ అంకెలు బిగించారు. వాళ్ల కోపం మాకు అర్థమైంది. కావాల్సింది రెండు అంకెలు. ఒకటి హామీ, అంటే ఎంత రద్దీ ఉన్నా ఇది నీది. రెండోది పైహద్దు, అంటే పక్కన ఖాళీ ఉంటే ఇంతవరకు పోవచ్చు. లినక్స్‌లో హెచ్‌టీబీ అనే పద్ధతిలో సరిగ్గా ఈ రెండే ఉంటాయి, ఒకదాన్ని రేట్ అంటారు, రెండోదాన్ని సీల్ అంటారు. మా హాస్టళ్లకి రెండూ 10 అని కొట్టారు. హామీ 10 అలాగే ఉంచి పైహద్దు 80 చేస్తే చాలు. కొత్త తీగ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు, రూపాయి అక్కర్లేదు.

ఈ మాటే ఆఫీసులో చెప్తే వచ్చిన జవాబు మీరు ఊహించే ఉంటారు. "మీకు స్పీడిస్తే రీల్స్ చూస్తారు."

చూస్తాం. అబద్ధం ఎందుకు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసుల్లో కూర్చుని, రాత్రి అన్నం తిన్నాక ఓ పావుగంట నవ్వుకునేది చూస్తాం. స్టాఫ్ క్వార్టర్స్ గ్రాఫ్‌లో కూడా రాత్రి 9 తర్వాత కొండలాగా పైకి లేస్తుంది, అది అంతర్జాతీయ పరిశోధన అనుకోవాలా? దాని గురించి ఎవరూ అడగరు. మా వాడకం మీద మాత్రం నడవడిక సర్టిఫికెట్ కావాలి. నీళ్లు పంచేటప్పుడు ఈ బిందెతో అన్నం వండుతావా, కాళ్లు కడుగుతావా అని అడిగి పోస్తారా?

అయితే మా లోపలి తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఈ పోస్టుకి విలువ లేదు. మాకిచ్చిన ఆ 10 కూడా మేము న్యాయంగా పంచుకోలేదు. మాలో కొందరు సినిమాలు దించే సాఫ్ట్‌వేర్లు పెట్టుకున్నారు. అవి ఒకేసారి పదహారు, ఇరవై కనెక్షన్లు తెరుస్తాయి. రూటర్ మనుషుల్ని లెక్కపెట్టదు, కనెక్షన్లని లెక్కపెడుతుంది. ఇరవై కనెక్షన్లు తెరిచినవాడు ఇరవై మంది మనుషులుగా వాటా తీసుకుంటాడు. పరీక్ష రాస్తున్న చెల్లి ఒక్క మనిషి. రేషన్ షాపులో ఒకడే ఇరవై సంచులు వరసలో పెట్టి పక్కకెళ్లి బీడీ కాల్చుకున్నట్టు. ఆ రాత్రి కూడా అబ్బాయిల హాస్టల్‌లో మూడు గదుల్లో డౌన్‌లోడ్లు నడుస్తున్నాయి. ఎవరివో మాకు తెలుసు. మేమూ వాళ్లలో ఉన్నాం. అందుకే హద్దు మనిషికి ఇంత అని పెట్టాలి, కనెక్షన్‌కి కాదు అని మా లెటర్‌లో మేమే రాశాం. కొంతమంది సీనియర్ అన్నలకి కోపం వచ్చింది. రానివ్వండి.

ఇంకో రెండు చిన్న వాటాలు ఉన్నాయి, వీటి గురించి ఎవరూ మాట్లాడరు. ఒకటి అడ్రసులు. నెట్‌లోకి రావాలంటే ప్రతి ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ ఒక ఐపీ అడ్రసు కావాలి. మా హాస్టల్ నెట్‌వర్కుకి ఇచ్చినవి 254. మేము 180 మందిమి, సగం మందికి ఫోనూ ల్యాప్‌టాప్ రెండూ ఉన్నాయి. పైగా ఒకసారి తీసుకున్న అడ్రసు 24 గంటలు ఆ పరికరం పేరు మీదే ఉండిపోతుంది. పండక్కి ఊరెళ్లినవాడి ఫోను కూడా మర్నాటిదాకా ఇక్కడ సీటు మీద తువ్వాలు వేసి ఉంచినట్టే. "కనెక్ట్ అవుతోంది, కనెక్ట్ అవుతోంది" అని తిరుగుతూ ఉండిపోయేది అందుకే. ఆ గడువు రెండు గంటలకి తగ్గించమన్నాం. రెండోది గాలి. వైఫై పెట్టె ఒకరితో మాట్లాడేటప్పుడు మిగతావాళ్లు ఆగాలి. మూల గదిలో రెండు గోడల అవతల ఉన్న ఫోనుతో అది నెమ్మదిగా మాట్లాడాలి, కాబట్టి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ అందరూ ఆగాలి. స్పీడు పెంచినా ఇది పోదు. వరండాలో పెట్టెని జరపాలి. మేకు కొట్టే పని.

లెటర్ ఇచ్చాం. మొదట తీసుకోలేదు. ల్యాబ్ అన్న గ్రాఫులు ప్రింటు తీసి జత చేశాక తీసుకున్నారు. ఏడు వారాల తర్వాత ఒక్కటి ఒప్పుకున్నారు. పరీక్షల నెలలో రాత్రి 6 నుంచి 11 దాకా ల్యాబ్ వాటా హాస్టళ్లకి అప్పు. మిగతా నెలల్లో మళ్లీ 10కే. మనిషి లెక్కన హద్దు పెట్టడం చూస్తాం అన్నారు. అడ్రసుల గడువు తగ్గించారు, అది ల్యాబ్ అన్న చలవ, రెండు నిమిషాల పని. పెట్టె మాత్రం ఇంకా అదే మూల.

ఇక మా హాస్టల్ దాటి వద్దాం. అసలు ఈ పోస్టు ఎందుకంటే, మా నాలుగు వీల్యాన్‌ల కథే రేపు మన కొండల మీద టవర్లలో జరగబోతుంది.

2023 జూన్‌లో మన వైపు ఒకేరోజు 100 టవర్లు ప్రారంభించారు, ఎక్కువ భాగం మన అల్లూరి జిల్లాలోనే. అంతకుముందు 2022 జూలైలో కేంద్రం దేశంలో సిగ్నల్ లేని 24,680 ఊళ్లకి 4జీ అని 26,316 కోట్లతో పథకం ఒప్పుకుంది. మంచిదే, మేము తక్కువ చేసి మాట్లాడటం లేదు. టవరు లేని ఊళ్లో ఈ చర్చే ఉండదు. కానీ టవరు వచ్చాక మొదలయ్యే ప్రశ్నలు వేరు. ఒక టవరు కింద పదో ఇరవయ్యో గూడేలు. ఒకే గాలి, కిందికి పోయే ఒకే దారి. దాన్ని ఎవరెవరికి ఎంత?

5జీతో ఈ పంపకానికి ఒక పేరు కూడా వచ్చింది. స్లైసింగ్. 3జీపీపీ అనే ప్రమాణాల సంస్థ రిలీజ్ 15లో దీన్ని పెట్టింది. ఒకే టవరు, ఒకే గాలి మీద వేరువేరు నెట్‌వర్కులు కోసి ఇవ్వొచ్చు. ఫ్యాక్టరీకి ఒక ముక్క, ఆసుపత్రికి ఒక ముక్క, మామూలు ఫోన్లకి ఒక ముక్క. ప్రతి ముక్కకీ ఆ ప్రమాణంలో మూడు శాతాలు రాసుకోవచ్చు. గరిష్ఠం ఎంత. కనిష్ఠం ఎంత, అంటే హామీ, కానీ వాడనప్పుడు పక్కవాళ్లు వాడుకోవచ్చు. మూడోది ప్రత్యేకం, అంటే వాడినా వాడకపోయినా ఇంకొకరికి ఇవ్వరు. మేము చదివినప్పుడు నవ్వొచ్చింది. మా ఆఫీసుకి అర్థం కావడానికి ఏడు వారాలు పట్టిన విషయం ఆ ప్రమాణంలో మూడు గడులుగా రాసి ఉంది.

గడులు ఉన్నాయి, అందులో అంకెలు ఎవరు నింపుతారు? డబ్బు కట్టినవాళ్ల ముక్కలో కనిష్ఠం రాస్తారు, సందేహం లేదు. మామూలు ఫోన్ల ముక్కలో సున్నా రాస్తే అడిగేవాళ్లెవరు? రేపు ఏదో కొండ మీద గనికో, ప్రాజెక్టుకో ప్రత్యేకం అని ఒక పెద్ద ముక్క కోసిచ్చి, కింది గూడెం వాళ్లకి సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూ 108కి ఫోన్ చేస్తే లైను కలవకపోతే? గీతలు ఉన్నాయి కదా, మీ ఫోనే పాడైంది అంటారు. ఇది జరిగిందని మేము అనడం లేదు. జరగడానికి అడ్డం ఏముందో చూద్దాం అంటున్నాం.

అడ్డం కొంత ఉంది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ డేటాకి వెబ్‌సైటుని బట్టి వేరువేరు రేట్లు పెట్టకూడదని నిబంధన తెచ్చింది. 2018 జూలైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ సిఫార్సులు ఒప్పుకుంది. అందులో ప్రత్యేక సేవలకి మినహాయింపు ఉంది. దాంతోపాటు ఒక షరతు ఉంది, ఆ సేవల వల్ల మామూలు ఇంటర్నెట్ అందుబాటుకీ నాణ్యతకీ దెబ్బ తగలకూడదు. షరతు బాగుంది. మన మండలంలో ఆ దెబ్బని కొలిచేదెవరు? విశాఖలో కొలిచి ఏజెన్సీకీ అదే లెక్క రాస్తే సరిపోతుందా?

మాకు ఇంకా గుచ్చుకున్నది పాఠంలోని ఒక సూత్రం. వర్చువల్ నెట్‌వర్కులని అసలు తీగల మీద ఎక్కడ కూర్చోబెట్టాలి అనేది పెద్ద లెక్క, పూర్తిగా సరైన జవాబు వెతకాలంటే కంప్యూటర్లకి కూడా చాలా కష్టమైన రకం. అందుకని ఉజ్జాయింపు పద్ధతులు వాడతారు. చాలా పద్ధతులు రెండే చూస్తాయి. ఈ కోరిక ఒప్పుకుంటే ఆదాయమెంత, ఖర్చెంత. ఖర్చు ఎలా కడతారంటే, దారిలో ఎన్ని తీగలు దాటాలో ప్రతి తీగ మీదా ఆ ఎంబీపీఎస్‌ని లెక్కేస్తారు. పట్నంలో ఆసుపత్రికీ ఆఫీసుకీ మధ్య ఒక్క తీగ అయితే 5 ఎంబీపీఎస్‌కి ఖర్చు 5. కొండ మీది సబ్‌సెంటర్ నుంచి పాడేరు, అక్కడ్నుంచి కిందికి నాలుగు తీగలు దాటితే అదే 5కి ఖర్చు 20. ఆదాయం చూస్తే ఇద్దరిదీ ఒకటే, లేదా మనది తక్కువ. సూత్రం ఎవర్ని తోసేస్తుంది? దానికి కులం తెలీదు, కొండ తెలీదు, దూరం ఒక్కటే తెలుసు. దూరంగా ఉండేది మనమే. బస్సు రాకపోవడానికి చెప్పే కారణం కూడా ఇదే కదా, అంత దూరానికి అంత తక్కువమందికి గిట్టదు అని. గిట్టని బస్సుని కూడా నడపాలని ప్రభుత్వాన్ని అడిగి నడిపించుకున్న ఊళ్లు ఉన్నాయి. అలాగే ఈ లెక్కలో కూడా మూడో గడి పెట్టొచ్చు. సబ్‌సెంటరు, ఆశ్రమ పాఠశాల, రేషన్ వేలిముద్ర మిషను, వీటికి ముందు ఇంత కనిష్ఠం తీసి పెట్టి, మిగిలినదాంట్లోనే ఆదాయం, ఖర్చు చూడండి అని. గణితంలో అది ఒక్క లైను.

ఫైబర్ సంగతి కూడా అంతే. పంచాయతీలకి వస్తున్న భారత్‌నెట్ లైన్లలో జీపాన్ అనే పద్ధతి ఉంది. ఒక ఫైబర్ని చీల్చి 32 చోట్లకి, కొన్నిచోట్ల 64 చోట్లకి పంచుతారు. కిందికి వచ్చేది మొత్తం రెండున్నర జీబీపీఎస్, పైకి పోయేది దాంట్లో సగం, అందరికీ కలిపి. పైకి పంపడానికి ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పట్టికలో కొన్ని రకాలుంటాయి. స్థిరం, హామీ, హామీ లేనిది, చివరికి "కుదిరితే". పంచాయతీ ఆఫీసులో ఉన్న పెట్టెకి ఇందులో ఏ రకం రాశారో మన సర్పంచులకి తెలుసా? అడిగే మాటే తెలీకపోతే ఎలా అడుగుతారు? ఆ మాటలు నేర్చుకుంటున్నది మేమే, అందుకే ఇంత పొడుగ్గా రాశాం.

కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లు మన గ్రూపులో చాలామంది ఉన్నారు. అందరం హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాల వైపే చూస్తున్నాం, మేమూ అంతే. పోయేలోగా ఒక పని చేద్దాం. మీ హాస్టల్ లైను మొత్తం ఎంత, హాస్టల్‌కి రాసిన హామీ ఎంత, పైహద్దు ఎంత, ఎంతమంది ఉన్నారు, ఎన్ని అడ్రసులు, ఈ ఐదు అంకెలు అడిగి కింద రాయండి. కాలేజీ పేరు రాయొద్దు, జిల్లా చాలు. ఎవర్నీ ఇబ్బంది పెట్టడానికి కాదు. ఇవ్వం అంటే "ఇవ్వలేదు" అని రాయండి, అదీ లెక్కలోకే వస్తుంది. గ్రాఫ్ చూపించమని అడిగేటప్పుడు సాయంత్రం 7 నుంచి 10 మధ్యది అడగండి, మధ్యాహ్నంది చూపించి పంపించేస్తారు. ఇరవై హాస్టళ్ల అంకెలు పోగైతే మేము పట్టిక వేసి ఐటీడీఏ ఆఫీసులో ఇచ్చి వస్తాం. అర్జీలు ఇవ్వడానికి వెళ్లే అన్నలెవరైనా తోడొస్తామంటే చెప్పండి, మాకు అక్కడ మాట్లాడటం ఇంకా అలవాటు కాలేదు.

చెల్లి మళ్లీ ఇంకో పరీక్షకి అప్లై చేసింది. వచ్చే నెల 14, రాత్రి 8 గంటలకే. అది పరీక్షల నెల కాదు, అంటే వాటా మళ్లీ 10. ఆ గంట అబ్బాయిల హాస్టల్‌లో డౌన్‌లోడ్లు ఆపేస్తామని మేము గది గదికీ తిరిగి మాట తీసుకుంటున్నాం. ఇప్పటికి నలభై గదుల్లో ముప్పై ఒకటి ఒప్పుకున్నాయి.